అత్తమ్మ పేరు మీద

లింగంపేట,
శనివారం.

మా ఇంటాయనకు, ప్రభువు కృప మీకు తోడుండాలని కోరుకుంటూ సలోమి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను, అత్తమ్మ, వందన ఒంట్లో బాగానే ఉన్నాం. మస్కట్ ఎండల్లో మీరు కూడా బాగానే ఉన్నారని ఆశపడుతున్నాను. అందరం క్షేమం అని రాయడానికి అలవాటు కొద్దీ చెయ్యి కదిలింది కానీ ఆపేశాను. ఒంటి వరకే బాగున్నాం అంటే అబద్ధం కాదు.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరం ఏమిటని మీకు అనుమానం వస్తుంది. మీ గదిలో ఎనిమిది మంది. మీ కింది మంచం బాలరాజుది. నేను ఇక్కడ గొంతు తగ్గిస్తే మీరు అక్కడ వినపడక ఫోన్ పెద్దగా పెడతారు. నేను చెప్పవలసింది బాలరాజు కంటే ముందు మీరు వినాలి. బీబీపేట ప్రేమ్‌కుమార్ సెలవు అయిపోయి బుధవారం విమానం ఎక్కుతున్నాడు. అతని చేతికి మామిడికాయ తొక్కుతో పాటు ఈ కవరు ఇస్తున్నాను. గమ్ము పెట్టి పైన టేపు కూడా వేశాను. నా ఉత్తరాలది పేపరు భాష అని నవ్వే అలవాటు మీకుంది కదా, ఈ ఒక్కసారి నవ్వకుండా చదవండి.

ప్రేమ్‌కుమార్ వచ్చేటప్పుడు మీరు పంపిన ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. బోరు మోటరు బాగయింది. చెడిపోయింది మోటరు కాదు, స్టార్టరు. ఎల్లారెడ్డి నుంచి మెకానిక్కు వచ్చి పదిహేను వందలు తీసుకున్నాడు. నాట్లు పడ్డాయి. వందనకు తొమ్మిదో తరగతి పుస్తకాలన్నీ వచ్చాయి. కొత్త లెక్కల సారు కొట్టడట, అందుకని లెక్కలు బాగా వస్తున్నాయట. మీ కూతురు మాట, నమ్మడం మీ ఇష్టం. అత్తమ్మ మోకాలికి కామారెడ్డి డాక్టరు సూది వేసి మెట్లు ఎక్కొద్దన్నాడు. మన ఇంటికి మెట్లు ఎక్కడివని అత్తమ్మ ఆయన్నే అడిగింది. అత్తమ్మ గురించే, అవ్వ ఫోన్ దగ్గరికి ఎందుకు రావడం లేదు, నా మీద అలిగిందా అని రాశారు. అలగలేదు, ఆ సంగతి తర్వాత చెప్తాను. నీ గొలుసు ఏ బ్యాంకులో కుదువ పెట్టావు, మిత్తి ఎంత, రసీదు ఫొటో పంపు, జీతాలు రాగానే విడిపిద్దాం అని కూడా రాశారు. దానికి కూడా తర్వాతే వస్తాను.

నేను ఆరేళ్లు ఏజెంటుగా తిరిగిన డిపాజిట్ల కంపెనీ మూతపడిందని మీకు తెలుసు. ఎలా మూతపడిందో ఫోన్లో ఎప్పుడూ సరిగా చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఎన్నో ఆనవాళ్లు కనిపించాయి, చూడనట్టు ఉన్నది నేనే. ఏటా ఇచ్చే గోడ క్యాలెండరు ఈ సంవత్సరం కంపెనీ అచ్చు వేయలేదు. ఐదో తారీఖు రావలసిన మిత్తి ఇరవైకి రావడం మొదలైంది. భిక్నూర్ హైవే పక్కన కంపెనీ అప్పులిచ్చి అమ్మించే ప్లాట్లకు కొనేవాళ్లు లేరు, హద్దు రాళ్లు కనపడనంత గడ్డి పెరిగింది. ఇక్కడ బీడీల కార్ఖానా కూడా నెలకు పన్నెండు రోజులే ఆకు ఇస్తోంది. అన్ని చోట్లా ఒకేసారి పని తగ్గిపోతున్నప్పుడు కంపెనీ ఒక్కటే ఎలా నిలబడుతుందని నాకు తోచలేదు. కమీషన్ వస్తున్నవాళ్లకు అటువంటివి తోచవు.

క్రిస్మస్‌కు ముందు సర్కారు మనుషులు ఇద్దరు కామారెడ్డి హెడ్డాఫీసుకు వచ్చి నాలుగు రోజులు కూర్చున్నారు. బీరువాలోని ఫైళ్లన్నీ బల్లల మీద పరిపించారు. ఏమైందని ఎల్లారెడ్డి బ్రాంచి మేనేజరు మహేందర్‌ను అడిగాను. "ఏం లేదక్కా, ఏటేటా అయ్యేదే. వాళ్ల పని వాళ్లు చేసుకోని పోతరు" అన్నాడు. తర్వాత నెలలో అతను కారు అమ్మేసి బస్సులో రావడం మొదలుపెట్టాడు. డీజిలు ఖర్చు ఎక్కువవుతోందని చెప్పాడు, నేను సరే అనుకున్నాను.

మే నెల ఆఖరి వారంలో ఎల్లారెడ్డి బ్రాంచి షట్టరు మీద తెల్ల కాగితం అంటించారు. కొత్త డిపాజిట్లు తీసుకోరాదు, పాతవి చెల్లించరాదు, ఆస్తులు అమ్మరాదు. తాళానికి బట్ట చుట్టి లక్క వేశారు. ఇద్దరు కానిస్టేబుళ్లు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. నేను వెళ్లేసరికి వంద మంది దాకా ఉన్నారు కానీ అరుపులు లేవు. అందరూ ఆ కాగితాన్ని ఒకరి భుజం మీదుగా ఒకరు చదువుతున్నారు.

ఇప్పుడు మన గల్లీ సంగతి. ఆ కంపెనీలో అరవై దాటినవాళ్లకు అర శాతం మిత్తి ఎక్కువ. మూడేళ్ల కింద బాలరాజు వాళ్లమ్మ సుభద్రమ్మకు బీడీల పీఎఫ్ పైసలు వచ్చినప్పుడు ఫారం నింపుదామని కూర్చున్నాను. అప్పుడు ఆమెకు యాభై ఎనిమిది.

"గా రెండేండ్లకు అర శాతం ఊకెనే ఇడిసిపెట్టుడేంది సలోమీ? మరియక్క పేరు మీద ఏద్దాం. మరియక్క యాడికి పోతది, పైసలు యాడికి పోతయ్?" అన్నది.

అత్తమ్మ పడీ పడీ నవ్వింది. "నా పేరు మీద గూడ పైసలుంటయా?" అన్నది. అలా మొదలైంది. సుభద్రమ్మను చూసి శాంతవ్వ, సాయిలత, మిగతావాళ్లు. మొత్తం తొమ్మిది మంది ఆడవాళ్లు, నాలుగు బాండ్లు, పదకొండు లక్షలు, అన్నీ అత్తమ్మ పేరు మీదే. నేనూ వద్దనలేదు. నా చెయ్యి చల్లనిదని, నా చేత వేయిస్తే పెరుగుతాయని వాళ్లు అంటుంటే వినడానికి బాగుండేది. బాండు మీద పెన్నుతో రాస్తే చెల్లదంటారని, ఎవరివి ఎన్నో వెనక వైపు పెన్సిలుతో రాశాను. మాకు అదే దస్తావేజు. ఒక పూట కూడా ఎవరికీ అనుమానం రాలేదు.

మూతపడ్డ తర్వాత సర్కారు ఒక అధికారిని వేసింది. పేరు పద్మలత. కామారెడ్డి కలెక్టరాఫీసులో కూర్చుంటుంది, గట్టిగా మాట్లాడదు. డిపాజిట్లు ఉన్నవాళ్లు అసలు బాండ్లు, ఆధారు కార్డు పెట్టి దరఖాస్తు ఇవ్వాలన్నారు. గల్లీ వాళ్లందరూ నన్నే తమ తరఫున మాట్లాడమన్నారు. చాటలు తెచ్చుకుని మన వాకిట్లోనే బీడీలు చుడుతూ నేను కామారెడ్డి నుంచి వచ్చేదాకా కూర్చునేవాళ్లు. బస్సు దిగి వస్తుంటే ముందు నా ముఖం చూసేవాళ్లు.

ఉన్న ఆస్తులు అమ్మితే వచ్చేదానిలోంచి మొదటి విడత ఒక్కో పేరుకు లక్ష దాటి ఇవ్వరని అక్కడ తెలిసింది. పేరు ఒక్కటే, అత్తమ్మది. తొమ్మిది మందికి కలిపి లక్ష. పేరు ఒక్కటే కానీ మనుషులు తొమ్మిది మంది అని మేడమ్‌కు చెప్పాను, పెన్సిలు రాతలు చూపించాను. ఆమె బాండ్లను ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"అమ్మా, మొత్తం వేసిన ఈ పదకొండు లక్షలు మీ అత్తగారివే అయితే, బీడీలు చేసే ఆమెకు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి. ఆమెవి కాకపోతే, అనుమతి లేకుండా తొమ్మిది మంది దగ్గర డిపాజిట్లు తీసుకున్నట్టు అవుతుంది. కంపెనీ మీద పెట్టిన కేసు కూడా దాదాపు అదే. ఏది రాసుకోమంటారు?" అన్నది.

వచ్చే ముందు కోపం ఆపుకోలేక ఒక్కటే అడిగాను. క్రిస్మస్ ముందే అంతా చూశారు కదా, ఐదు నెలలు మాకు ఎందుకు చెప్పలేదని.

"చెప్తే అందరూ ఒక్కరోజే వచ్చి పడతారు. ఒక్కరికీ సరిగా దక్కదు. నిలబెట్టవచ్చేమోనని చూశాం. అయినా తెలిసినవాళ్లు కొందరు ముందే తీసుకుపోయారు. వాళ్ల పేర్లన్నీ తీస్తున్నాం, తిరిగి కట్టిస్తాం" అన్నది. ఆ మాట అన్నప్పుడు ఆమె నన్ను చూడలేదు, ఫైలే చూస్తోంది.

మొన్న బుధవారం అత్తమ్మ పేరు మీద నోటీసు వచ్చింది. సోమవారం పదకొండు గంటలకు స్వయంగా హాజరు కావాలి, పోలీసు అధికారి కూడా ఉంటాడు. గురువారం ఎల్లారెడ్డిలో షట్టరు మీద ఇంకో కాగితం అంటించారు. మూతపడటానికి ముందు రెండు నెలల్లో గడువు తీరకుండానే బాండ్లు విరగ్గొట్టుకుని డబ్బు తీసుకున్నవాళ్ల జాబితా. పద్నాలుగు పేర్లు. ఆరోది: మరియ, లింగంపేట, రెండు లక్షల అరవై వేలు.

ఆ సాయంత్రం సుభద్రమ్మ, సాయిలత, శాంతవ్వ ముగ్గురూ వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మరియక్కా, నీ పేరు మీదున్నంత మాత్రాన నీ పైసలైతయా?" అని సుభద్రమ్మ అడిగింది. గొంతు కూడా పెంచలేదు. "గది ఎవ్వల బాండు? పేర్లు సూపియ్యి."

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అన్నది, "నేనే తీసుకున్న. నా కొడుక్కు అక్కరుండె. సలోమికి ఎరుక లేదు."

సాయిలత నా వైపు చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు, జాలి ఉంది. పాపం ఇటువంటి అత్త దొరికింది అన్నట్టు చూసింది. ఆ చూపు నాకు దక్కాల్సింది కాదని తెలిసి కూడా నిలబడి తీసుకున్నాను. అదే నాకు అన్నిటికంటే సిగ్గు.

ఆ రోజు నుంచి మన వాకిట్లో ఒక్క చాట లేదు. నల్లా దగ్గర అత్తమ్మ బిందె పెడితే మిగతా బిందెలు జరిగిపోతున్నాయి. నిన్న శాంతవ్వ మనవరాలు వందనతో బడికి వెళ్లలేదు, ఒక్కతే ముందు వెళ్లిపోయింది. రాత్రీ పగలూ ఎవరూ తిట్టడం లేదు. తిడితే కొంచెం ఊపిరి ఆడేది.

ఇక మీ గొలుసు ప్రశ్నకు జవాబు. నా గొలుసు ఏ బ్యాంకులోనూ లేదు. మన ఇంట్లోనే బియ్యం డబ్బాలో ఉంది. మీతో వీడియోలో మాట్లాడేటప్పుడు మెడలో కనిపించకూడదని ఏప్రిల్ నుంచి వేసుకోవడం లేదు.

ఈస్టరు ముందటి మట్టల ఆదివారం మర్నాడు మహేందర్ నన్ను ఎల్లారెడ్డి ఆఫీసు వెనక్కి పిలిచాడు. "సలోమక్కా, పైనుంచి కాయిదం వస్తదంటున్నరు. ఇయ్యాల్ల ఒక్క బాండు ఇరగ్గొట్టి ఇస్త. ఒక్కటే. నాలుగు గంటల లోపల తే. ఎవ్వలతోటి అనకు" అన్నాడు. ఇంటికి ఉరికి వచ్చాను. పెట్టెలో పైన ఉన్న బాండు తీశాను, పేర్లు చూసి ఎంచలేదు, ఈ మాట మాత్రం నమ్మండి. అత్తమ్మ వేలిముద్ర వేయించుకున్నాను. ఎందుకని ఆమె అడగలేదు. మహేందర్ బాండు వెనక్కి తిప్పి పెన్సిలు పేర్లు చూశాడు. రబ్బరు తీసి చెరిపేసి, ఊదేసి, ముద్ర కొట్టాడు. సుభద్రమ్మ లక్షా ఇరవై వేలు, సాయిలత ఎనభై వేలు, శాంతవ్వ అరవై వేలు. వాళ్లవి వాళ్లకు ఆ సాయంత్రమే పంచేద్దామని బస్సెక్కాను. మిగతా ఆరుగురికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. అప్పుడు మీ ఫోన్ వచ్చింది.

మీకు గుర్తుంది కదా. మీ కంపెనీలో నలభై మందిని తీసేశారు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకునే కొత్త కఫీల్‌ను బాలరాజు చూపించాడు, శుక్రవారం లోపు రెండున్నర లక్షలు కట్టకపోతే వెనక్కి పంపిస్తారని చెప్పారు. మీరు ఏడవడం నేను పెళ్లైన పదహారేళ్లలో మొదటిసారి విన్నాను. డబ్బు నా ఒళ్లో సంచిలో ఉంది. లింగంపేటలో బస్సు ఆగింది, నేను దిగలేదు. కండక్టరుకు కామారెడ్డి దాకా టికెట్ పైసలు ఇచ్చాను. మస్కట్‌కు డబ్బు చేరవేస్తాడని మీరు చెప్పిన మనిషి చేతికి ఇచ్చి, గొలుసు కుదువ పెట్టానని మీకు చెప్పాను. అత్తమ్మకు మాత్రం ఆ రాత్రే నిజం చెప్పాను. అతను రసీదు ఇవ్వలేదు, నేను అడగలేదు. అదే కంపెనీలో నా పేరు మీద ఉన్న లక్షన్నర జూన్‌లో ఏడాది నిండుతుంది, తీసి, గొలుసు అమ్మి కలిపి, ఎవరికీ తెలియకుండా కట్టేద్దామనుకున్నాను. మే నెలలోనే లక్క పడింది.

అంటే మీరు ఈ రోజు చేస్తున్న పని బాలరాజు చూపించింది, వాళ్లమ్మ పైసలతో కొన్నది. అతని పై మంచం మీదే పడుకుంటున్నారు, అతనితోనే తింటున్నారు. ఇది మీకు తెలియకుండా ఉంచినందుకు నన్ను నేను ఎంత తిట్టుకున్నా సరిపోదు.

నిన్న అత్తమ్మతో చెప్పాను, సోమవారం నిజం నేనే చెప్తానని. ఆమె చీర మడతపెడుతూ నా వైపు చూడకుండానే అన్నది, "పేరు నాది, ఏలిముద్ర నాది. నువ్వు యాడున్నవ్ గందుల? పిల్లకు తల్లి గావాలె. నాకు అరవై ఆరు, నన్నేం జేస్తరు?" రెండు చీరలు, మోకాలి మందులు, బైబిలు సంచిలో పెట్టుకుని తలుపు పక్కన ఉంచింది. మీరు గొంతు విని కనిపెడతారనే భయంతోనే ఆమె ఫోన్ దగ్గరికి రావడం లేదు. మీకు అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు, పోలీసులకు మాత్రం చెప్తుందట.

ఆమె అన్నది నిజమే, అదే నన్ను భయపెడుతోంది. డబ్బు తీసిన కాగితాల్లో నేను ఎక్కడా లేను. ఆ బాండు మీది పెన్సిలు చెరిగిపోయింది, మేడమ్‌కు నేను చూపించింది మిగిలిన మూడు బాండ్ల రాతలే, మహేందర్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. మీరు చెప్పిన మనిషి దుకాణం నెల నుంచి మూసి ఉంది. ఆ రోజు డబ్బు తెచ్చి పంపింది నేనని చెప్పగల మనిషి ఈ భూమి మీద మీరొక్కరే.

సోమవారం లోపు ఫోన్ చేసి చెప్పవచ్చు కదా అంటారు. నాలుగుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. చెప్తే మీరు ఎవరినో ఒకరిని ఆగమంటారు. అవ్వను ఆగమంటారా, నన్ను ఆగమంటారా అన్నది తెలుసుకునే ధైర్యం నాకు లేదు. అందుకే బుధవారం బయలుదేరే మనిషి చేతికి ఇస్తున్నాను.

సోమవారం పొద్దున ఎనిమిది గంటల బస్సుకు ఇద్దరం వెళ్తున్నాం. వందనను మా చెల్లె ఇంట్లో దింపుతున్నాను, ఏమీ చెప్పలేదు. మేడమ్ ముందు ఇద్దరం ఒకే తప్పును నాది అంటే నాది అంటాం. ఎవరి మాట రాసుకుంటారో నాకు తెలియదు. బియ్యం డబ్బాలోని గొలుసు, మీకు పంపగా మిగిలిన పదివేలు సుభద్రమ్మకు రేపు చర్చి నుంచి రాగానే ఇచ్చేస్తాను. ఎందుకు ఇస్తున్నానో కూడా చెప్తాను, మీరు చెప్పేదాకా బాలరాజుకు ఫోన్లో అనవద్దని బతిమాలుకుంటాను. ఆమె తీసుకోకపోతే గడప మీద పెట్టి వస్తాను. ఇక నుంచి మీ జీతం నాకు పంపకండి. ఆ ముగ్గురివి తీరేదాకా వాళ్లకే పంపండి. ఈ కాగితం మడిచిన వెంటనే బాలరాజుకు మీ నోటితో మీరే చెప్పండి.

మీకు ఇది చేరేనాటికి మన ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లలో ఒకరే ఉంటారు. మీరు ఫోన్ చేసినప్పుడు అత్తమ్మ ఎత్తితే మీరేమీ చేయవద్దు, ఆమెను మందులు వేసుకోమనండి చాలు. నేను ఎత్తితే మాత్రం ఒక్క మాట కూడా నాతో మాట్లాడకుండా పెట్టేసి, కవరు లోపలి వైపు రాసిన పద్మలత మేడమ్ నంబరుకు చేయండి. ఆ డబ్బు ఎవరు పంపారో, ఎవరికి చేరిందో చెప్పండి. చెప్తే మీ పేరు కూడా రాసుకుంటారు. చెప్పకపోతే అవ్వ పోలీసుల దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
మీ అవ్వకు కోడలు,
సలోమి